పక్క సీటు బ్రేకు

"ఎలుక కొట్టింది," అన్నాడు లిఫ్టాయన.

కారులో డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్ల కింద పరిచే రబ్బరు మ్యాటును బయటికి లాగి, ఎండకు ఎత్తిపట్టి చూస్తున్నాడు. సరిగ్గా కుడి పాదం ఆనే చోట రబ్బరు అరిగి అరిగి, చొక్కా గుండీ దూరేంత చిల్లు పడింది. అందులోంచి వెలుతురు వచ్చి అతని ముక్కు మీద పడుతోంది.

"ఎలుకైతే అంచులు కొరుకుతుంది గానీ, నడిమధ్యన కూర్చుని నాకుతుందట్రా?" అంది వాళ్లమ్మ, వరండా మెట్టు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

అతని పెళ్లాం డ్రైవరమ్మ బకెట్లో గుడ్డ పిండుతోంది. తల ఎత్తలేదు. ఆ ఎలుక ఎవరో ఆమెకు తెలుసు. ఏడాదిగా ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా అక్కడ లేని బ్రేకును తొక్కి తొక్కి ఆ మ్యాటును అరగదీసింది ఆమె కుడి కాలే.

ఆమె పిల్లల బడి బస్సు నడుపుతుంది కనుక వీధికంతటికీ డ్రైవరమ్మ. అతను ఎత్తైన భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు కనుక లిఫ్టాయన. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన జనాన్ని బయటికి లాగడం అతనికి రోజూ ఉన్న పనే. అలాంటి మనిషికి, తన పక్క సీట్లోనే ఒక మనిషి ఏడాదిగా ఇరుక్కుని ఉందని తెలియకపోవడం విడ్డూరం. దీపం కింద చీకటి అని పెద్దవాళ్లు ఊరికే అన్లేదు.

ఇక ఆ ఇంట్లో నాలుగో ప్రాణి కారు. చూడ్డానికి అగ్గిపెట్టె. వెనక సీట్లో ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కానీ లోపల టర్బో ఇంజను. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, కాలు ఆనిస్తే చాలు, పెద్ద పెద్ద కార్లను వెనక్కి నెట్టేస్తుంది. దానికి 'పిడుగు' అని పేరు పెట్టుకున్నాడు. పెళ్లాన్ని ఏనాడూ అంత ముద్దుగా పిలిచిన పాపాన పోలేదు.

ఆదివారమైతే దాన్ని కొండదారి మలుపుల్లో ఉరికించడమే అతని సరదా. కిందటి వానాకాలం పిడుగును వేసుకుని ఒక్కడే కొండదారికి పోయి, దిగేటప్పుడు కల్వర్టు గోడను ముద్దుపెట్టుకుని వచ్చాడు. బంపరు వేలాడుతోంది, నుదుటి మీద బొప్పి. ఆ పూట వాళ్లమ్మ ముద్ద ముట్టలేదు. మర్నాడు కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"వాణ్ణి మానమంటే మానడమ్మా. ఒక్కణ్ణి మాత్రం పంపను. నువ్వు పక్కన కూర్చో. నువ్వుంటే కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని పోతాడు. నా ప్రాణం కుదుటపడుతుంది."

అత్తగారి ప్రాణం కుదుటపడింది. కోడలి ప్రాణం ఆదివారం ఆదివారం అరచేతిలోకి వచ్చింది.

కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. పెద్దావిడ అంతగా బతిమాలాక ఎలా కాదంటుంది? మొగుడేమో, "నువ్వు పక్కనుంటే ఆ దారి అందమే వేరు," అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. అన్నిటికీ మించి, బస్సెడు పిల్లల్ని ఇరుకు సందుల్లోంచి రోజూ తిప్పుకొచ్చే మనిషి, అగ్గిపెట్టెంత కారులో కూర్చోవడానికి భయమంటే నలుగురూ నవ్వరూ? ఆమె బ్రేకు తొక్కితే వెనక బెంచీ మీది పిల్లాడి సీసాలో నీళ్లు తొణకవు. డిపోలో అందరూ ఒప్పుకున్న మాట అది. అలాంటి పేరున్నవాళ్లు భయం అనే మాటను బయటికి తియ్యరు. లోపలే కుక్కుకుంటారు.

అందుకని మొదటి నెలలోనే ఒక ఉపాయం పన్నింది. ఒక ఆదివారం ఇంటికి తిరిగొచ్చాక, కారు దిగుతూ, ఏమీ ఎరగనట్టు అంది.

"బ్రేకులు కాస్త వీకుగా ఉన్నట్టున్నాయి కదా?"

బ్రేకులు బాగాలేవంటే నెమ్మదిగా పోతాడని ఆమె ఆలోచన. ఎవరైనా అంతే కదా. ఈ మహానుభావుడు మాత్రం పై ఆదివారానికల్లా పాత బ్రేకు ప్యాడ్లు పీకేసి, పోటీ కార్లకు వాడే గట్టి ప్యాడ్లు వేశాడు. అంతకుముందు కొండదారి మలుపుకు ముందుండే పసుపు బోర్డు దగ్గర బ్రేకు తొక్కేవాడల్లా, ఆ రోజు బోర్డు దాటి, కల్వర్టు దాకా పోయి తొక్కాడు. కారు గుంజ పాతినట్టు ఆగింది. ఆమె తల ముందుకు ఊగి వెనక్కి కొట్టుకుంది.

"చూశావా?" అన్నాడు, ఆమె మొహంలోకి చూస్తూ.

"చూశాను," అంది.

నెల తిరిగాక మళ్లీ ఇంకో మాట వదిలింది. దిగుడు చివర్లో పెడల్ మెత్తబడి లోపలికి పోతున్నట్టుందని. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. అందుకని నిజాల్లోంచే పనికొచ్చేవి ఏరుకుని చెప్పేది. ఆయిల్ వేడెక్కితే పెడల్ మెత్తబడటం నిజమే. అతను ఎంత వేడికీ మరగని ఖరీదైన బ్రేకు ఆయిల్ తెచ్చి పోశాడు. ఆ తర్వాత ఆయిల్ గొట్టాలు ఉబ్బుతున్నాయేమో అంది. రబ్బరు గొట్టాలు పోయి స్టీలు అల్లిక గొట్టాలు వచ్చాయి. బ్రేకు తొక్కే చోటు కల్వర్టు దాటి, మలుపు అంచున ఉన్న ఇనుప రెయిలింగు దగ్గరికి జరిగింది. ఆ రెయిలింగు అవతల చెట్ల తలకాయలు కనిపిస్తాయి, మొదళ్లు కనిపించవు.

ఆమె బ్రేకు గురించి మాట్లాడినప్పుడల్లా బ్రేకు బాగుపడింది. బ్రేకు బాగుపడినప్పుడల్లా అతను మరికాస్త ఆలస్యంగా తొక్కాడు. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నానని ఆమెకు అర్థమయ్యేసరికి గొయ్యి నడుం లోతు అయింది. ఇక మాట్లాడటం మానేసింది. మానేస్తే, పాపం మొహమాటపడుతోందని అతనే ముందుకు వెళ్లి, అదే కంపెనీ పెద్ద మోడలు కారుకు ఉండే పెద్ద డిస్కులు, వాటిని రెండు వైపులా పట్టే కాలిపర్లు తెప్పించాడు.

రెండు వారాలు సాయంత్రాలన్నీ వాకిట్లోనే. వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. గొట్టాల్లో గాలి తీసేటప్పుడు డ్రైవరు సీట్లో ఆమెను కూర్చోబెట్టాడు. కింద నుంచి అతను "తొక్కు" అంటే తొక్కాలి, "పట్టుకో" అంటే పట్టుకోవాలి, "వదులు" అంటే వదలాలి. ఆ కారు స్టీరింగు వెనక ఆమె కూర్చున్నది అలాంటి పనులకే. అప్పుడు కారు చక్రాల్లేకుండా చెక్క దిమ్మల మీద ఉండేది.

అలా అన్నీ బిగించి, శనివారం కారు కడుగుతుంటే ఆ మ్యాటు బయటపడింది.

"పోనీలే. మందపాటిది చెప్తాను, వారంలో వస్తుంది," అన్నాడు లిఫ్టాయన, చిల్లు మ్యాటును మళ్లీ లోపల పరుస్తూ. "ఈసారి ఎలుక్కి పళ్లు విరగాలి."

డ్రైవరమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. మందపాటి మ్యాటు. అంటే అదీ అరిగేదాకా తను ఆ సీట్లో కూర్చోవాలి. ఆ తర్వాత ఇంకోటి. రేపు చెప్పెయ్యాలి, ఏమైతే అదవుతుంది అనుకుంది.

చెప్పడమంటే అంత తేలికా? మాట కాస్త బరువెక్కిందంటే చాలు, ఆ మనిషి "ఒక్క నిమిషం" అని లేచి వాకిట్లోకి పోతాడు. పోయి కారు కింద దూరతాడు. బయటికి కనిపించే రెండు పాదాలతో ఏ పెళ్లాం మాత్రం ఏం పోట్లాడుతుంది? ఆ పాదాలు కూడా చెప్పులు వేసుకుని ఉంటాయి.

అయితే ఆదివారం కొండదారి కాదు. కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు ఒకదానికొకటి కుదురుకోవాలట. అందుకు గోడౌన్ల వెనక తిన్నటి రోడ్డు. సెలవు రోజు కాబట్టి లారీలు లేవు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి.

"అమ్మా, ఇవాళ కొండకు కాదు. నువ్వేం కంగారుపడకు," అని చెప్పి బయల్దేరాడు.

"అమ్మాయ్, బెల్టు పెట్టుకో," అంది పెద్దావిడ కోడలితో. ప్రతి ఆదివారం ఆ మాటే అనేది, ఆ మాట అన్నాకే లోపలికి పోయేది.

రోడ్డెక్కాక లిఫ్టాయన పాఠం మొదలుపెట్టాడు. "వేగంగా పోయి గట్టిగా తొక్కాలి, నెమ్మదించాలి, మళ్లీ వేగం అందుకోవాలి. అలా వేడెక్కేదాకా. ఒక్కటే షరతు. పూర్తిగా ఆపకూడదు. వేడి మీద ఆపి, పెడల్ తొక్కిపట్టామనుకో, ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడిపోతుంది. ఇక ఎన్నిసార్లు తోమినా పోదు. బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. రెండు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరే."

"మరి ఎప్పుడు ఆపాలి?"

"చల్లారాక. వేడెక్కించడం అయ్యాక, బ్రేకు ముట్టుకోకుండా అలా పోతూనే ఉండాలి. చాలాసేపు."

ఆమెకు అప్పుడు తట్టింది. ఆపడానికి వీల్లేని కారు. లేచి వాకిట్లోకి పోవడానికి వీల్లేని మొగుడు. ఇంతకన్నా మంచి చోటు మళ్లీ దొరకదు.

కారు ఉరికింది, ముక్కు కిందికి దించి నెమ్మదించింది, మళ్లీ ఉరికింది. షట్టర్లు వెనక్కి పోతున్నాయి. ఆమె తలుపు పైనున్న పిడిని పట్టుకుంది. కుడి కాలు దానంతటదే పోయి చిల్లు మీద ఆనింది. కాసేపటికి కాలిన వాసన లోపలికి వచ్చింది.

"ఆ వాసనే కావాలి," అన్నాడు తృప్తిగా. "అయిపోయింది. ఇక చల్లార్చడమే." రింగు రోడ్డు మీదికి తిప్పాడు. దారి ఖాళీగా, పొడుగ్గా ఉంది.

"ఒక మాట చెప్పాలి," అంది డ్రైవరమ్మ.

"చెప్పు."

"లేచిపోకుండా వినాలి."

"కార్లోంచి ఎక్కడికి లేచిపోతానే?" నవ్వాడు.

"బ్రేకులు మొదట్నుంచీ బాగానే ఉన్నాయి."

"ఇవి వాటికన్నా..."

"ఇవి కాదు. కొన్నప్పుడు ఉన్నవి. అవి బాగానే ఉండేవి. నాకు భయం బ్రేకులంటే కాదు. నువ్వు నడిపే తీరంటే. మొదటి ఆదివారం నుంచీ భయమే. ప్రతి మలుపులోనూ. ఆ మ్యాటుకు చిల్లు పెట్టింది ఎలుక కాదు, నా కాలు."

లిఫ్టాయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యడం మర్చిపోయినట్టు. ఒకసారి కిందికి చూశాడు. ఆమె చెప్పు మొన సరిగ్గా చిల్లు మీదే ఉంది.

"మరి ప్యాడ్లు అన్నావు?"

"నెమ్మదిగా పొమ్మని చెప్పలేక అన్నాను."

"ఆయిలు?"

"అదీ అంతే."

"గొట్టాలు?"

ఆమె తల ఊపింది.

"ఈ డిస్కులు నువ్వు అడగలేదు," అన్నాడు నెమ్మదిగా. "అవి నేనే వేశాను."

"అవును."

"ఎందుకు వేశానో తెలుసా? నీకోసం వేశాను. నువ్వు బ్రేకులకు భయపడుతున్నావనుకున్నాను. అందుకే గదా అంచుదాకా పోయి తొక్కింది. చూడు, ఎంత దగ్గర్లో ఆగిందో చూడు అని. నీకు నమ్మకం కుదరాలని. లేకపోతే రెయిలింగు దాకా పోవాల్సిన పని నాకేంటి? ప్రతిసారీ నీ మొహం చూసేవాణ్ణి. నవ్వేదానివి."

"అది నవ్వు కాదు. పళ్లు బిగబట్టుకోవడం."

ఏడాదిగా అతను ఆమెకు ధైర్యం ఇవ్వాలని చూస్తున్నాడు. ఏడాదిగా ఆమె అతన్ని నొప్పించకుండా మాట్లాడుతోంది. ఇద్దరూ కలిసి ఆ రెయిలింగు దాకా పోయారు. జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. అయినా జాలికి లొంగితే మళ్లీ ఆ సీట్లోనే కూర్చోవాలని ఆమెకు తెలుసు.

"వచ్చే ఆదివారం నుంచి నేనిక్కడ కూర్చోను. అత్తయ్యకు నువ్వే చెప్పు."

"నువ్వు కూర్చోకపోతే అమ్మ నన్ను పోనివ్వదు."

"తెలుసు."

"అంటే బండి మూల పెట్టమనేగా?"

"నేను కూర్చోను అన్నాను. బండి సంగతి నేనేం అన్లేదు."

"రెండూ ఒకటే." అతని గొంతు మారింది. "ఏడాది పాటు నన్ను పిచ్చివాణ్ణి చేసి, వేళ్లు చెక్కుకుపోతుంటే పక్కన నిలబడి టార్చి పట్టి, ఇవాళ చెప్తావా?"

చేతులు ఏమీ చెయ్యలేని చోట మగవాడి కోపం కాలిలోకి దిగుతుంది. కారు ముందుకు దూకింది. ఆమె వీపు సీటుకు అతుక్కుపోయింది. రోడ్డు పక్క స్తంభాలు వచ్చే జోరు పెరిగింది. దూరంగా రింగు రోడ్డు వంపు తిరుగుతున్న చోట ఎర్రటి బాణాల బోర్డు కనిపిస్తోంది.

"ఆపు. దిగిపోతాను."

"ఆపకూడదు. చల్లారలేదు."

"ఆపమంటున్నాను."

"చెప్పాను కదా, ఆపితే పాడైపోతాయి."

బోర్డు దగ్గరికొచ్చింది. బాణాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆమె పిడిని రెండు చేతులా పట్టుకుంది. కుడి కాలు తన పని తాను చేసింది. మడమ పైకి లేచి, మోకాలు బిగుసుకుని, చిల్లు మీదుగా కింది ఇనుప రేకును తొక్కింది. ఆ రేకు టప్పుమంది.

చిన్న చప్పుడే. లిఫ్టాయన చెవికి మాత్రం అది తెలిసిన చప్పుడు. ఇరుక్కున్న లిఫ్టులోంచి మనుషులు తలుపు మీద తడతారే, ఆ చప్పుడు. అతను కిందికి చూశాడు. ఎన్ని ఆదివారాలు ఆమె మొహం చూశాడో గానీ, ఆమె కాలు చూడటం అదే మొదటిసారి.

బ్రేకు తొక్కాడు.

పెద్ద డిస్కులు పని చేశాయి. బెల్టు ఆమె భుజాన్ని కోసినంత పని చేసింది. కారు రోడ్డంచుకు జరిగి, బోర్డుకు చాలా ఇవతలే ఆగిపోయింది. పూర్తిగా ఆగింది. ముందు చక్రాల నుంచి సన్నటి పొగ లేచి అద్దం మీదుగా పోయింది.

అతని కాలు ఇంకా పెడల్ మీదే ఉంది.

"కాలు తియ్యి," అంది ఆమె. భయంలోనూ ఆమెలో డ్రైవరు డ్రైవరే. "అచ్చు పడిపోతుంది."

"పడనీ."

తియ్యలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, పెడల్‌ను అలాగే తొక్కిపట్టి కూర్చున్నాడు. ఇంజను ఆగిపోయింది. కాలిన వాసన గొంతులోకి దిగుతోంది. రెండు వారాల సాయంత్రాలు ఆ చక్రాల దగ్గర మాడిపోతుంటే, అతను వాసన చూస్తూ కూర్చున్నాడు. చివరికి కాలు తీశాడు.

డ్రైవరమ్మ బెల్టు విప్పుకుని దిగింది. నిజంగానే నడిచి పోదామనుకుంది. నాలుగడుగులు వేసింది కూడా. రోడ్డు మీద గాలి చల్లగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, అద్దం వెనక అతను కదలకుండా కూర్చుని ఉన్నాడు, తలుపు తెరుచుకోవడం కోసం ఎదురుచూసే మనిషిలా. ఆమె తిరిగొచ్చి, కారు చుట్టూ తిరిగి, అతని వైపు తలుపు తెరిచింది.

"జరుగు."

అతను దిగాడు. అవతలి వైపుకు పోయి పక్క సీట్లో కూర్చున్నాడు. కొన్న నాటి నుంచీ ఆ సీట్లో కూర్చోవడం అతనికి అదే మొదలు. మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు సర్దుకున్నాడు. ఆమె సీటు ముందుకు లాక్కుంది, అద్దాలు తిప్పుకుంది, స్టార్టు చేసింది. పిడుగు ఆమె చేతిలో గుర్రుమంది. ఆమె కాలు ఆనించీ ఆనించకుండా రోడ్డు మీదికి తీసింది.

వెనక్కి తిప్పుకోవడానికి ఒకసారి బ్రేకు తొక్కింది. స్టీరింగు చేతుల్లో గజగజ వణికింది. అచ్చు పడింది. ఇద్దరికీ తెలిసింది.

చాలా దూరం పోయాక అతను అడిగాడు. "అమ్మకి ఏం చెప్దాం? బ్రేకులు పాడయ్యాయందామా?"

అలవాటు కొద్దీ సరేనని ఆమె నోటి దాకా వచ్చింది. ఎంత తేలికైన మాట. ఏడాదిగా తనను కాపాడినట్టే కాపాడి ఆ సీటుకు కట్టేసిన మాట.

"వద్దు. మళ్లీ బ్రేకుల మీద పెట్టొద్దు. నేను భయపడ్డానని చెప్పు."

"నువ్వా? బస్సు నడిపే మనిషివి. నవ్వుతారు."

"నవ్వనీ."

గోడౌన్ల దగ్గర మలుపు వచ్చింది. ఆమె బస్సు తోలినట్టే తోలుతోంది. వేగం ఎప్పుడో తగ్గించింది, సైకిలు మీద పోయే మనిషి కూడా పక్కనుంచి దాటిపోయేటట్టుంది. సీసాలో నీళ్లున్నా తొణకవు. అయినా స్టీరింగు తన చేతిలో లేకుండా మలుపు మీదికొచ్చేసరికి, లిఫ్టాయన చెయ్యి పైకి పోయి పిడిని వెతుక్కుంది. అతని కుడి కాలు ముందుకు జరిగి, చిల్లు మీద ఆనింది. అక్కడ తొక్కడానికి ఏమీ లేదని అతనికి తెలుసు.

అయినా తొక్కాడు. కింద రేకు టప్పుమంది.